నానీమా అంగీఠీ

పోయిన డిసెంబరులో ఒకరోజు మగ్రిబ్ తరవాత అరకు నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, సామాన్ల గదిలో మీ నానీమా అంగీఠీ దొరికింది. లోపలి మట్టి రాలిపోయింది గానీ బకెట్టు గట్టిగానే ఉంది. దీన్ని సాఫ్ చేయడం ఎట్లా?"

వాడు అక్కడ ఒక ఆదివాసీ దోస్తుతో కలిసి టూరిస్టులకు రెండు గదులు, నాలుగు టెంట్లు నడుపుతున్నాడు. నేల దోస్తుది, ఖాతా పుస్తకం మావాడిది. చలికి వణికే మెహమాన్ల కోసం గదికో అంగీఠీ పెడితే బాగుంటుందని వాడి ఖయాల్.

"సాఫ్ చేయడం చెబుతాలే. గదిలో మాత్రం పెట్టకు. ముందు మీ నానీని అడిగావా?" అన్నాను.

అడగలేదట. అడిగి ఉంటే ఆ అంగీఠీ దాదాపు ముప్ఫై ఏళ్ళు వరండా దాటి ఇంట్లోకి ఎందుకు రాలేదో మా అమ్మీ చెప్పి ఉండేది. లేదా ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయేది. ఆ రాత్రే కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. మన ఇళ్ళల్లో నిప్పుకీ ఒక తారీఖ్ ఉంది. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, ఎందుకంటే రాఖ్ ఎత్తిపోసినవాళ్ళ చేతికి కలం రాలేదు.

మైదానంలో ఉన్నవాళ్ళకు ఆ చలి అర్థం కాదు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పాదరసం ఐదు డిగ్రీల కిందికి జారిపోతుంది, ఒక్కోసారి సున్నా దగ్గరిదాకా పోతుంది. ఇప్పుడు జనం ఆ మంచును చూడటానికి కార్లేసుకుని అర్ధరాత్రి బయలుదేరుతున్నారు. అప్పట్లో ఆ మంచులో బతకాల్సి వచ్చినవాళ్ళకు అది తమాషా కాదు.

మా నానా ఆ కొండలెక్కింది 1960లలో. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు లైను వేస్తున్న రోజులు. సొరంగాలు తవ్వే కూలీలకు కిరాణా సరుకు అమ్మడానికి విజయనగరం నుంచి వెళ్ళాడు. లైను పూర్తయ్యాక అందరూ దిగిపోయినా ఆయన దిగలేదు. సంతల్లో పసుపు, చింతపండు కొంటూ అక్కడే ఉండిపోయాడు. ఒక్క సెంటు నేల కూడా కొనలేదు. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం తరవాత కొనే వీలూ లేదు. ఆ చట్టం ఉండటమే ఇన్సాఫ్ అని ఆయనే అనేవాడు. మేం ఆ కొండలకు కిరాయిదార్లం, అంతే.

కింద నుంచి వెళ్ళినవాళ్ళు తమతోపాటు తీసుకెళ్ళిన వస్తువుల్లో అంగీఠీ ఒకటి. తెలుగువాళ్ళు కుంపటి అంటారు, హైదరాబాద్ వైపు సిగ్డీ అనడమూ ఉంది. అంగీఠీ అంటే మన ఉర్దూ ఇళ్ళ మాట అని నేను చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే అది సంస్కృతంలోని 'అగ్నిష్ఠిక' నుంచి దిగొచ్చిన మాట. లఫ్జ్‌లకు మజ్హబ్ ఉండదని పెద్దలు ఊరికే అనలేదు. కశ్మీర్‌లో ఫిరన్ లోపల పెట్టుకునే కాంగ్డీ, గొట్టం బిగించిన ఇనుప బుఖారీ, అన్నీ ఈ ఖాందాన్‌వే. తేడా ఒక్కటే, బుఖారీకి పొగగొట్టం ఉంటుంది. అంగీఠీకి ఉండదు. ఆ తేడాలోనే మొత్తం కథ ఉంది.

నానీమా అంగీఠీ పాత ఇనుప బకెట్టు. కింద ఒకపక్క అరచేతి వెడల్పున కిటికీలా కోసి ఉంటుంది, గాలి లోపలికి పోవడానికి, రాఖ్ బయటికి తీయడానికి. నడుమ ఐదారు ఇనుప చువ్వలు, మా ఇంట్లో దాన్ని జాలీ అనేవాళ్ళం. జాలీ పైన బొగ్గులు. లోపలంతా పుట్టమన్ను, ఊక, పేడ కలిపి మెత్తిన రెండు వేళ్ళ మందం పూత. ఆ పూత లేకపోతే బకెట్టు రేకు రెండు సీజన్లకే కాలి చిల్లులు పడుతుంది, వేడి కూడా నిలవదు.

నేను చూసేనాటికి, అంటే 1980లలో, ఆమె రోజూ ఫజర్ నమాజ్ కాగానే ముందు పట్టుకునేది దాన్నే. చల్లారిన అంగీఠీని పెరట్లోకి తెచ్చి, చిమ్టాతో మిగిలిన బొగ్గుముక్కలు ఏరి పక్కన పెట్టేది. అవి మర్నాటికి రాజేయడానికి పనికొస్తాయి, కొత్త బొగ్గుకంటే తొందరగా అంటుకుంటాయి. తరవాత ఒక ఇనుప పుల్లతో చువ్వల మధ్య ఇరుక్కున్నదంతా గీకి కిందికి రాల్చేది. కిటికీలోంచి రాఖ్ మొత్తం చిన్న తట్టలోకి లాగేది. ఆ రాఖ్‌ను నేరుగా పెంటకుప్ప మీద పోయనిచ్చేది కాదు. పైకి చల్లగా కనిపించే బూడిదలో ఒక్క నిప్పురవ్వ రోజంతా బతికి ఉండగలదు, గాలి తగిలితే పక్కనున్న గడ్డివామి పోతుంది. మూతున్న డబ్బాలో ఒక రోజంతా ఉంచి, మర్నాడు జల్లించి గిన్నెలు తోమడానికి కొంత, కందులు, మినుములు పురుగు పట్టకుండా కలపడానికి కొంత, మిగతాది బీరపాదుకు.

తరవాత పూత మీద వేలు పెట్టి చుట్టూ తడిమేది. వెంట్రుకంత బీట కనిపించినా చిక్కటి మట్టినీళ్ళు అద్దేది. వేడి మీద ఉండగా చల్లటి నీళ్ళు పోస్తే పూత పెళ్ళలుగా ఊడిపోతుంది, అందుకే పిల్లల్ని నీళ్ళ చెంబుతో ఆ చుట్టుపక్కలకు రానిచ్చేది కాదు. దసరా వానలు వెనకబట్టాక ఏడాదికోసారి పాత పూత మొత్తం కొట్టేసి కొత్తది వేసేది. నీడలో వారం పది రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఆరిన తరవాత కూడా మొదటి రోజు నాలుగు పుల్లలతో సన్నటి మంట, రెండో రోజు గుప్పెడు బొగ్గు, మూడో రోజుకు గానీ నిండుగా వేసేది కాదు. వంగిన చువ్వను వెంటనే మార్చేది. చువ్వలు కుంగితే బొగ్గు కిందికి జారి గాలిదారి మూసుకుపోతుంది.

రాజేయడం ఎప్పుడూ పెరట్లోనే. ఫుంక్నీతో ఊది, పొగంతా పోయి, బొగ్గు ఎర్రబడి పైన తెల్లటి పొర వచ్చేదాకా వరండాలోకి కూడా తెచ్చేది కాదు. ఇషా నమాజ్‌కు ముందు ఆర్పేసేది. ఎంత చలి ఉన్నా, ఎవరు బతిమాలినా సరే. "నానీమా, ఇంకాసేపు" అంటే ఆమె ముఖం మారిపోయేది. మాకు అది కోపంలా కనిపించేది.

1968 డిసెంబరులో రమజాన్ నెల వచ్చింది. అమ్మీకి అప్పుడు ఏడేళ్ళు. ఆమె తమ్ముడికి నాలుగేళ్ళు, నాకు మామూ అవ్వాల్సినవాడు. నానా సరుకుకని విజయనగరం దిగాడు. అద్దెకున్నది ఒకే గది, సిమెంటు గోడలు, పైన రేకులు. గోడకూ రేకుకూ మధ్య ఉన్న సందుల్లోంచి చలిగాలి కోస్తుంటే నానీమా గోనెసంచులు కుక్కింది. తలుపు కిందా ఒక సంచి పెట్టింది. సహరీకి నిప్పు కావాలి. అగ్గిపెట్టె, ఎండు పుల్లలు పెట్టుకుని మూడు గంటలకు లేచి చలిలో రాజేయడంకంటే, రాత్రి నిప్పుల మీద రాఖ్ కప్పి ఉంచితే పొద్దున ఊదగానే అందుకుంటుంది. అందరి ఇళ్ళల్లో చేసేదే. అప్పటికి మూడు రోజులుగా ఆమెకు జ్వరం. ఉపవాసం మానలేదు, రాఖ్ తీయడం మాత్రం మానేసింది. జాలీ కింద బూడిద చువ్వలదాకా పేరుకుపోయి ఉంది.

సహరీకి ఎవరూ లేవలేదు. పొద్దెక్కాక కట్టెలమోపు తెచ్చే ఆదివాసీ అమ్మ తలుపు తట్టి, పలక్కపోతే తోసుకుని లోపలికొచ్చింది. తలుపు దగ్గర పడుకున్న అమ్మీని ముందు బయటికి ఈడ్చింది. నానీమా వాంతులు చేసుకుంటూ లేచింది. వెచ్చగా ఉంటుందని అంగీఠీ పక్కన పడుకోబెట్టిన పిల్లవాడు లేవలేదు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయట. నిద్రపోతున్నాడనుకుందట అమ్మీ.

ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. కింది నుంచి వచ్చిన ఒక ఆమిల్ సాబ్ అసర్ అన్నాడు, తావీజులు కట్టాడు. నానీమా మాత్రం ఎవరి మాటా నమ్మలేదు. తనే చంపుకున్నానంది. మూడు రోజులు రాఖ్ తీయలేదు, అందుకే నా బేటా పోయాడు అని ఆమె 1996లో ఇంతెఖాల్ అయ్యేదాకా అనుకుంటూనే ఉంది.

అసలు సంగతి అమ్మీకి చాలా ఏళ్ళ తరవాత విశాఖలో ఒక డాక్టరమ్మ చెప్పింది. బొగ్గుకు గాలి చాలినంత అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుట్లో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీదకంటే దీని మీద రెండొందల రెట్లకు పైగా మోజు. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. ఫ్రాన్స్‌లో క్లోడ్ బెర్నార్డ్ ఈ గుట్టును 1850లలోనే విప్పాడు. 1890లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గుగనుల్లో పేలుడు తరవాత చచ్చిపోయిన కూలీలను చంపింది ఎక్కువగా ఈ గ్యాసేనని తేల్చి, గనుల్లోకి చిన్న ప్రాణుల్ని తోడు తీసుకెళ్ళమన్నాడు. మనిషికంటే ముందు అవి తూలిపడతాయి గనక. మొదట తలనొప్పి, వికారం, మత్తు. మెలకువగా ఉన్నవాడు లేచి బయటికి పోగలడు. నిద్రలో ఉన్నవాడికి ఆ మోఖా లేదు. చిన్నపిల్లలు పెద్దవాళ్ళకంటే తొందరగా ఊపిరి తీస్తారు, వాళ్ళకు ముందు ఎక్కుతుంది.

కట్టెల పొగ కళ్ళు మండించి మనిషిని లేపుతుంది. బొగ్గు పొగ రాదు. పొగ రావడం లేదు కాబట్టి ఖతరా లేదనుకుంటాం. నిప్పు మీద రాఖ్ కప్పితే గాలి ఇంకా తగ్గి ఆ గ్యాసు ఇంకా పెరుగుతుంది. జాలీ పూడుకుపోయినా అంతే. కాబట్టి నానీమా అనుకున్నదాంట్లో సగం నిజం. కానీ డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. జాలీ అద్దంలా మెరుస్తున్నా సరే, గోనెలు కుక్కిన ఆ గదిలో రాత్రంతా నిప్పు ఉంటే జరిగేది అదే కావచ్చు. అంగీఠీ ఎంత శుభ్రంగా ఉన్నా గదికి కన్నం లేకపోతే ఫాయిదా లేదు. ఈ మాట వినడానికి నానీమా అప్పటికి లేదు.

నిప్పు గురించి మన దీన్‌లో తాకీదు ఉంది. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి.) రివాయత్: మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయింది. ఆ ఖబర్ అందినప్పుడు ప్రవక్త (స) నిప్పును దుష్మన్‌గా ఎంచమని, పడుకునే ముందు ఆర్పేయమని చెప్పారు. మసీదులో ఈ హదీసును నేను చాలాసార్లు విన్నాను. చలికాలం జుమా బయాన్‌లో అంగీఠీ పేరెత్తి చెప్పిన మౌల్వీ సాబ్‌ను మాత్రం ఒక్కరినే చూశాను.

మరి ఆ కొండల్లో తరతరాలుగా ఉన్నవాళ్ళు? వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఇంటి మధ్యే ఉంటుంది, చలికి దాని చుట్టూనే పడుకుంటారు. కొండదొరలు, బగతలు, కోందులు, పోర్జాలు, ఎవరింటికి వెళ్ళినా నాకు మొదట తగిలింది ఆ కట్టెల వాసనే. పొయ్యి పైన వేలాడదీసిన మొక్కజొన్న పొత్తులు, విత్తనాలు పొగకు నల్లబడి పురుగు దరిచేరకుండా ఏడాదంతా నిలుస్తాయి. గడ్డి కప్పులోంచి, గోడకూ కప్పుకూ మధ్య ఖాళీలోంచి పొగ మెల్లగా బయటికి కారుతుంది. దీన్ని చూసి అదంతా స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. ఆ పొగ అక్కడి ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ ఎంత తిన్నదో వాళ్ళ దగ్గు వింటే తెలుస్తుంది. కానీ ఆ ఇల్లు నిప్పును లోపల పెట్టుకోవడానికి కట్టిన ఇల్లు. మాది నిప్పు కోసం కట్టిన గది కాదు, మేం నిప్పును తీసుకెళ్ళి అందులో పెట్టాం. ఇప్పుడు వాళ్ళకూ సిమెంటు గోడలు, రేకులు, స్లాబులు వస్తున్నాయి. కప్పు బిగుస్తోంది, కుంపటి మాత్రం అలాగే లోపలికొస్తోంది.

కట్టెల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత అడవి సర్కారుదైపోయింది. పోడు కొట్టినా, కట్టె తెచ్చినా గార్డుకు జవాబు చెప్పాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషను మీద పడి తుపాకులు తీసుకుపోయాడంటే దాని వెనక గూడెం రోడ్డు వెట్టిచాకిరీ ఉంది, అడవి మీద ఈ జులుం ఉంది. ఇంట్లో వెచ్చదనం కోసం కట్టె తెచ్చుకోవడమే జుర్మ్ అయిన చోట పొయ్యి గురించి మాట్లాడటం రాజకీయం కాదని అనలేం. (ఆ రాజుకు పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్‌తో ఉన్న దోస్తీ వేరే కిస్సా, ఇన్షా అల్లా మరోసారి.)

పొగను బయటికి పంపే పొయ్యి కట్టాలని మన దగ్గర ఎవరూ అనుకోలేదా? అనుకున్నారు, అదీ హైదరాబాద్‌లోనే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో ఒక చూల్హా తయారుచేశాడు. ఒకే నిప్పు మీద వరసగా గిన్నెలు పెట్టుకోవచ్చు, పొగ చివరన గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. లాబొరేటరీ ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని హెర్ల్ చూల్హా అన్నారు. 1953లో ఆయన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. వార్ధాలో గాంధీజీ అనుచరులు కట్టిన మగన్ చూల్హా దానికి కొన్నేళ్ళ ముందుది. లక్షల ఇళ్ళ బావర్చీఖానాల్లో పొగ పోవాలని ఒక ఇంజనీరు కూర్చుని లెక్కలు కట్టడం చిన్న సంగతేం కాదు. పెద్ద డ్యాములు కట్టే ఇంజనీర్ల పేర్లు మన పిల్లలు బట్టీపడతారు, ఈయన పేరు ఎవరికీ తెలియదు.

1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసేనాటికి కాగితం మీద మూడు కోట్లకు పైగా పొయ్యిలు. కానీ ఊళ్ళల్లోకి వెళ్ళి చూసినవాళ్ళకు చాలా చోట్ల గొట్టం విరిగిపోయో, మసితో పూడుకుపోయో, పొయ్యి పక్కన మళ్ళీ మూడు రాళ్ళ పొయ్యో కనిపించింది.

ఎందుకు పూడుకుపోతుందో గొట్టం తుడిచినవాడికి తెలుసు. పచ్చి కట్టె మండితే పొగలో తేమ, తారు కలిసి వస్తాయి. చల్లటి గొట్టం గోడకు తగిలి జిగటగా అంటుకుంటాయి. వంపు ఉన్నచోట ముందు పేరుకుంటుంది. కొన్ని వారాల్లో లోపలి దారి సగానికి సగం తగ్గుతుంది, పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది. పొడుగాటి వెదురు కొసకు ఎండుగడ్డి గాని కొబ్బరిపీచు గాని గట్టిగా చుట్టి పైనుంచి దించి తిప్పాలి, కింద రాలిన మసిని ఎత్తేయాలి. కప్పెక్కాలి. చీర కట్టుకున్న మనిషి తడి రేకుల మీదికి ఎక్కాలి. మట్టి గొట్టమైతే గట్టిగా తిప్పగానే విరుగుతుంది, కొత్తది బజార్లో దొరకదు.

ఇంగ్లండులో ఈ పని చిన్నపిల్లలతో చేయించారు. ఐదారేళ్ళ పేద పిల్లల్ని సన్నటి చిమ్నీల్లోకి ఎక్కించి మసి గీకించారు. ఆ మసి వల్లే వాళ్ళకు పెద్దయ్యాక కేన్సర్ వస్తోందని 1775లోనే పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్ రాశాడు. పిల్లల్ని ఎక్కించడం నిజంగా ఆగడానికి 1875 చట్టందాకా పట్టింది, వందేళ్ళు. అక్కడ పేద పిల్లలు, ఇక్కడ ఇంటి ఆడమనిషి.

మా తూర్పు కనుమల్లోనే, ఒడిశా వైపు, ఈ సంగతిని లెక్కలు కట్టి చూశారు. గంజాం జిల్లాలో పుట్టిన గ్రామ్ వికాస్ సంస్థ గొట్టం ఉన్న మట్టి పొయ్యిలు పంచింది. రెమా హానా, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 44 ఊళ్ళల్లో దాదాపు 2,600 కుటుంబాలను నాలుగేళ్ళదాకా గమనించారు. 2012లో వెలువడిన వాళ్ళ నివేదిక చెప్పింది ఇది: మొదటి ఏడాది పొగ పీల్చడం కొంత తగ్గింది, తరవాత ఆ తేడా కనిపించకుండా పోయింది. ఆరోగ్యంలోనూ, కట్టెల ఖర్చులోనూ లాభం తేలలేదు. కారణం, జనం ఆ పొయ్యిలను పూర్తిగా వాడలేదు, గొట్టాలు శుభ్రం చేసుకుని బాగుచేసుకోలేదు. డుఫ్లోకు 2019లో నోబెల్ వచ్చింది.

ఆ నివేదిక నిజాయితీగా ఉంది, నాకు శికాయత్ లేదు. కానీ "శుభ్రం చేసుకోలేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నానీమా కూడా ఆ మాటే అనుకుంటూ పోయింది కదా. రాఖ్ తీయలేదు, నాదే తప్పు. నీళ్ళు, కట్టెలు, పొలం, పిల్లలు, వంట, ఇవన్నీ ఉన్న మనిషి చేతికి ఇంకో పని అప్పజెప్పి, ఆ పనికి కావలసిన బ్రష్షు ఇవ్వకుండా, గొట్టం విరిగితే ఎవరిని పిలవాలో చెప్పకుండా, తరవాత చేసుకోలేదని రాయడం తేలిక. ఊరికో మనిషికి జీతమిచ్చి నెలకోసారి గొట్టాలు తుడిపించి ఉంటే ఆ మూడు కోట్ల పొయ్యిల తారీఖ్ ఇంకోలా ఉండేదేమో. చేతిపంపు చెడితే మెకానిక్ వస్తాడు. పొయ్యికి మాత్రం ఎవరూ రారు.

తరవాత గ్యాసు వచ్చింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. వంట సంగతి చాలావరకు మారింది, అల్‌హమ్దులిల్లా. కానీ గ్యాసుపొయ్యి అన్నం వండుతుంది, గది వెచ్చబెట్టదు. బావర్చీఖానాలోంచి బయటికి పోయిన బొగ్గు, చలికాలం రాగానే మళ్ళీ పడకగదిలోకి వస్తోంది. పొగ రావడం లేదు కాబట్టి ఎవరికీ భయం లేదు. ఏటా చలికాలంలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తుంది, పేపరు మడిచి పక్కన పెడతాం.

జనవరి మొదటి వారంలో నేను అమ్మీని తీసుకుని అరకు వెళ్ళాను. భాంజా అంగీఠీని పెరట్లో పెట్టి ఉంచాడు. నేను పాత పూత కొట్టేశాను, తుప్పు గీకాను. వాడి దోస్తు పుట్టమన్ను తెచ్చి ఊక కలిపి తొక్కాడు. చువ్వలు ఆరింటిలో నాలుగు పనికిరావు, కొత్తవి కోయించాం. అమ్మీ మంచం మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా చూసింది. మట్టి మెత్తేటప్పుడు మాత్రం లేచి వచ్చి, "కిటికీ దగ్గర అంత మందం వద్దు, రాఖ్ లాగడానికి చెయ్యి పట్టదు" అని తన వేళ్ళతో సర్దింది. తమ్ముడి సంగతి మనవడికి ఆ రాత్రే, తనంతట తానే చెప్పింది.

ఇప్పుడది ఆరుబయట, టెంట్ల మధ్య రాళ్ళు పరిచిన చోట ఉంది. మెహమాన్లు దాని చుట్టూ కూర్చుంటారు. గదుల్లో రజాయిలు రెండేసి ఇస్తున్నాడు, వేడినీళ్ళ రబ్బరు సంచులు తెప్పించాడు. గదిలో నిప్పు పెట్టుకుంటామని ఎవరైనా గట్టిగా అడిగితే డబ్బు వాపస్ ఇస్తానంటాడట. మొన్న ఫోన్‌లో అన్నాడు, "మామూ, రాఖ్ రోజూ నేనే తీస్తున్నా. వంటామెకు చెప్పలేదు."